కల్లు, ఇంకో కల్లు

మారెప్ప ఏరు దాటి వచ్చిన రోజు
మా మండువ ముందర ట్రాక్టరు ఆపి
"కల్లు ఎల్లైతి?" అన్నడు.
సవారవ్వ లొట్టి వంచి రేక నిండ పోసింది.
ఆయన తాగలేదు.
పడమటి గుట్ట దిక్కు చెయ్యి సాపి
కనపడని బరువునేదో రెండు చేతుల్ల ఎత్తి
భుజం మీద పెట్టుకొని చూపించిండు.
అప్పుడు తెలిసింది, అడిగింది రాయి అని.

మండువంత నవ్వింది.
నాకూ నవ్వొచ్చింది గని
సగంల ఆగింది.

ఆయనది రాయచూరు పక్క. వాళ్ళకు కల్లంటే రాయి.
మేం అమ్మేదానికి గూడ ఇంచుమించు అదే మాట,
కాకుంటే నాలుక కొసను వెనక్కి మడిచి
అంగిట్ల తాకించి కళ్ళు అనాలె.
మడిస్తే తాగేది,
మడవకుంటే మోసేది.
కడీలు ఎక్కించుకుంట, బీడీ ఆరిపోయినా పారెయ్యకుండ
నాతోని పదిసార్లు అనిపించిండు.
నాకు పదిసార్లూ కండ్లే గుర్తుకొచ్చినయి.
బడి పుస్తకంల కళ్ళంటే చూసేవి గద,
మా ఇంట్ల వాటిని కండ్లంటం.
ఆయన ఊర్ల కళ్ళ అంటే దొంగ.
మా ఊర్ల కల్ల అంటే అబద్ధం.
ఆ రెండూ ఒక ఇంట్ల పుట్టినయే అయ్యుంటయి,
పోలికలున్నయి.

మా నోట్ల ఆ మడత
ఏ తరంల సాపైందో, ఎవరి పంటి కింద అరిగిందో,
తాగేదీ మోసేదీ ఒక్క లొట్టిల పడ్డయి.
తర్వాత రాయి మెల్లగ లేచి ఎటో పోయింది.

ఎటు పోయిందో ఆ రాత్రి ఇల్లంత దేవులాడిన.
అవ్వ పప్పుల ఏసే ఉప్పుకల్లుల దొరికింది,
జొన్న గింజంత.
పచ్చడి నూరే సన్నెకల్లుల దొరికింది,
నడుమ అరిగి, దోనె లెక్క.
ఓరుగల్లు కొసన ఉంది,
బస్సు బోర్డు మీద వరంగల్ అని రాస్తే
ఆడ గూడ తోక పట్టుకొని ఏలాడుతుంది.
పొలిమేరల మొఖం చెరిగిపోయిన వీరగల్లుల ఉంది.
ఒంటిగ తిరగదు ఇప్పుడు.
ఇంకో మాట కొంగు పట్టుకుంటెనే బయటికొస్తది,
మొగుడు సచ్చినంక మా అమ్మ
సంతకు పోయినట్టు.

మా నాయిన బుగ్గయ్య గౌడు.
మాఘమాసం, మంచు ఇడువని పొద్దు.
మోకు తడిసి ఉండె, పోతుతాడు నున్నగుండె.
ఠాణల రాసుకున్నరు:
"తాటిచెట్టు పైనుండి జారి రాయిపై పడి."
పంచనామ రాసినాయన చేతిరాత మంచిగుండె.
నేనైతే ఇప్పటికీ అట్ల అనలేను.
కల్లు కోసం పోయిండు, కల్లు మీద పడ్డడు.
నాలుక మడవరాని దాన్ని,
రెండుసార్లూ ఒకటే తీర్గ అంట.

ఇదంత మారెప్పకు చెప్పిన,
సగం తెలుగుల, సగం చేతుల్తోని.
తాటిచెట్టు దిక్కు చూసిండు, కింద చూసిండు.
ఏం అనలేదు.
మూడో రోజు ఆఖరి లోడుకు
ఒక కడీ దించి చెట్టు మొదట్ల పాతిండు.
ఉలితోని పనిచేసినంత సేపు మాట్లాడలేదు.
పేరు చెక్కలేదు.
ఏ లిపిల చెక్కాల్నో ఆయన అడుగలేదు,
నేను చెప్పలేదు.
మోకు చెక్కిండు, చుట్టలు చుట్టిన మోకు,
కొసన ముడితో సహా.

తెల్లారి మొదటి రేక
అవ్వ దాని నెత్తి మీద పోసింది.
"రాయి తాగుతదా అవ్వా?" అన్నడు కుర్మయ్య,
తన రేక ముందుకు జరుపుకుంట.
"నీకు రోజూ పోస్తలేనా?" అంది అవ్వ.

నురుగు మోకు గీతల పొంటి దిగింది,
ముడి కాడ కొంచెం సేపు ఆగింది,
తర్వాత చీమల దాకా పోయింది.